‘గిఫ్ట్’ అనే మాట నాకు అర్థమైన తీరు: నర్సుగా నా జర్మనీ అనుభవం

హైదరాబాద్‌లో జర్మన్ క్లాసు మొదలైన రెండో వారం. క్లాసులో అందరం నర్సులమే. ఆ రోజు సార్ బోర్డు మీద కొన్ని మాటలు రాశారు. చూడ్డానికి ఇంగ్లీషు మాటల్లాగే ఉంటాయి కానీ జర్మన్‌లో అర్థం వేరు. ‘షెఫ్’ అంటే వంటాయన కాదు, పై అధికారి. ‘ఆర్ట్’ అంటే కళ కాదు, రకం. ‘కిండ్’ అంటే దయ కాదు, బిడ్డ. చివర్లో ‘గిఫ్ట్’ అని రాసి, దీనికి అర్థం ఎవరు చెప్తారని అడిగారు. వెనక బెంచీ నుంచి ఎవరో బహుమతి అన్నారు. “కాదు, విషం” అన్నారు సార్. క్లాసంతా గొల్లుమంది. నాకు నవ్వు రాలేదు.

అంతకు నెల ముందు వరకు నేను వరంగల్ వైపు ఒక ఆసుపత్రిలో క్యాజువాలిటీ నర్సుని. మూడేళ్లు అక్కడే చేశాను. పత్తి చేలకు మందు కొట్టే రోజుల్లో మా నైట్ డ్యూటీలు ఎలా ఉండేవో అక్కడ పని చేసినవాళ్లకే తెలుసు. ఆటో ఆగీ ఆగకముందే తల్లో పెళ్లామో దిగి, “సిస్టరమ్మా, మావోడు మందు తాగిండు” అని అరిచేది. మేం మొదట అడిగేది ఒకటే: “ఏ మందు అమ్మా? డబ్బా తెచ్చిన్రా?” అన్నీ ఆ జవాబు మీదే ఆధారపడి ఉండేవి. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు అయితే దాని విరుగుడు అట్రోపిన్ మొదలుపెట్టాలి. ఊపిరితిత్తుల్లో ఊరే నీరు ఆరే వరకు ఇస్తూనే ఉండాలి. పారాక్వాట్ అనే కలుపుమందు అయితే విరుగుడే లేదు. డబ్బా మీద ఆ పేరు చదివిన రోజు తల్లి కళ్లలోకి చూడలేకపోయేదాన్ని. ఒక్కోసారి వచ్చినవాడు సారా ఎక్కువై పడిపోయినవాడు. అతన్ని తెచ్చినవాళ్లూ అదే మాట అంటారు: మందు తాగిండు.

కాబట్టి ఒకే మాటకు రెండు అర్థాలుండటం నాకు కొత్త కాదు, నవ్వులాటా కాదు. మన ‘మందు’ జబ్బును నయం చేస్తుంది, పురుగును చంపుతుంది, మత్తెక్కిస్తుంది, తుపాకీలో పేలుతుంది. మా అమ్మమ్మ ఊళ్లో రోడ్డు కింద పెట్టినదాన్ని మందుపాతర అనేవాళ్లు. ఇన్ని పనులు చేసే మాటను ఇంట్లో పెట్టుకుని పక్కింటి మాటను చూసి నవ్వడం నాకు చేతకాలేదు. ఆ రోజు నోటుబుక్కులో ‘గిఫ్ట్ = విషం’ అని రాసుకున్నాను. పక్కన చిన్నగా ‘ఎందుకు?’ అని కూడా రాశాను.

ఆ ‘ఎందుకు’కు జవాబు దొరకడానికి నాలుగేళ్లు పట్టింది. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావడానికీ దాదాపు అంతే పట్టింది. అందుకే రెండూ కలిపి చెప్తున్నాను.

వెళ్లాలనుకునేవాళ్ల కోసం కాగితాల సంగతి క్లుప్తంగా: మన డిగ్రీ, మార్కుల వివరాలు, అనుభవ పత్రాలు అన్నీ ప్రమాణం చేసిన అనువాదకుల చేత జర్మన్‌లోకి మార్పించి, వెళ్లబోయే రాష్ట్రంలోని గుర్తింపు కార్యాలయానికి పంపాలి. జర్మన్ భాష బీ2 స్థాయి, అంటే ఆరు స్థాయిల్లో నాలుగోది, కావాలి. నేను రాసిన బీ2 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలు. ఒక్కోదాంట్లో వందకు అరవై రావాలి. నాకు మూడు మొదటిసారే వచ్చాయి, మాట్లాడడం రెండోసారికి వచ్చింది. ఆ తర్వాత ‘డెఫిత్సిట్‌బెషైడ్’ అనే ఉత్తరం వస్తుంది. మన చదువులో వాళ్ల చదువుతో పోలిస్తే ఏమేం తక్కువున్నాయో అందులో ఉంటుంది. ఆ లోటు తీర్చడానికి రెండు దారులు: కొన్ని నెలల శిక్షణ, లేదంటే ‘కెన్ట్‌నిస్‌ప్రూఫుంగ్’ అనే పరీక్ష. నేను పరీక్ష ఎంచుకున్నాను. అప్పటివరకు సహాయక సిబ్బందిగానే పని. ఈ దశలో చాలామంది మనసు చిన్నబుచ్చుకుంటారు. మూడేళ్లు క్యాజువాలిటీ చూసిన చేతులతో మంచాలు సర్దుతూ ఉండాలి కదా. అయితే భాషంతా నాకు ఆ మంచాల దగ్గరే వచ్చింది.

నేను చేరింది బెర్లిన్‌కు దగ్గర్లోని ఒక చిన్న ఊళ్లో. ఇంటర్నల్ మెడిసిన్ వార్డు. మొదటి నెలలోనే నర్సుల రిపోర్టుల్లో ఒక మాట మళ్లీ మళ్లీ కనిపించింది: ‘గాబె’. ‘నోవాల్గిన్ గాబె తర్వాత నొప్పి తగ్గింది’ అని రాస్తారు. డిక్షనరీ తీస్తే గాబె అంటే కానుక, దానం అని ఉంది. దేవుడిచ్చిన ప్రతిభను కూడా గాబె అనే అంటారు. వార్డులో దాని అర్థం మాత్రం మందు ఇవ్వడం. ఇవ్వడానికి జర్మన్‌లో క్రియ ‘గేబెన్’. దాని నుంచే గాబె పుట్టింది. గిఫ్ట్ పుట్టిందీ దాని నుంచే.

(నోవాల్గిన్ అన్నాను కాబట్టి ఒక మాట. జర్మనీ వార్డుల్లో రోజూ చుక్కలుగా ఇచ్చే ఈ నొప్పి మందును అమెరికా 1977లోనే మార్కెట్ నుంచి తీసేసింది, తెల్ల రక్తకణాలను దెబ్బతీయవచ్చని. ఒక దేశంలో రోజువారీ మందు, ఇంకో దేశంలో అసలు దొరకని మందు.)

అంటే ఒకే క్రియకు పుట్టిన ఇద్దరు పిల్లల్లో ఒకరు మందు పక్కన, ఒకరు విషం పక్కన నిలబడ్డారు. ఎలా? దీనికి సమాధానం జర్మనీలో మా నర్సింగ్ స్కూల్లో ఫార్మకాలజీ చెప్పే టీచరమ్మ ఇచ్చింది. ఆవిడ పారాసెల్సస్ మాట బోర్డు మీద రాసింది. స్విట్జర్లాండ్‌లో పుట్టిన ఆ వైద్యుడు 1538లో రాసిన మాట ఇది: అన్నీ విషమే, విషం లేనిదేదీ లేదు, ఒక వస్తువు విషం కాకుండా చేసేది మోతాదు ఒక్కటే. జర్మన్‌లో ఆ వాక్యంలో ‘గిఫ్ట్’ అని, ‘డోసిస్’ అని రెండు మాటలుంటాయి. ఆవిడ రెండింటి కిందా గీత గీసి, రెండూ ఒకటే మాట అంది.

డోసిస్ గ్రీకు మాట, అర్థం ‘ఇవ్వడం’. వైద్యులు రోగికి ఒక్కసారిగా ఇచ్చేది డోసిస్. అదే లాటిన్‌లోకి వెళ్లింది. పాత జర్మన్‌లో ‘గిఫ్ట్’ అంటే కూడా ఇవ్వడమే, ఇచ్చినదే. డోసిస్‌కు అదే సరైన తెలుగు, కాదు, సరైన జర్మన్ అయింది. వైద్యుడు ఇచ్చినది గిఫ్ట్. తర్వాత్తర్వాత ఎవరూ పైకి అనడానికి ఇష్టపడని ఆ ‘ఇచ్చినది’ కూడా గిఫ్టే అయింది. విషం అని నోటితో అనకుండా ‘ఇచ్చారు’ అని ఊరుకోవడం. క్రమంగా ఆ చాటుమాటే అసలు మాటను మింగేసింది. బహుమతికి జర్మన్లు ‘గెషెంక్’ అనే వేరే మాట వాడుకున్నారు.

టీచరమ్మ చెప్తుంటే నాకు మా అమ్మమ్మ గొంతు వినిపించింది. మా వాడలో ఒకతను ఉన్నట్టుండి తిండి మానేసి, బక్కచిక్కి, ఎవరితో మాట్లాడకుండా అయిపోతే అమ్మమ్మ గొంతు తగ్గించి, “వానికి ఎవరో ఏదో పెట్టిన్రు బిడ్డా” అనేది. ఏం పెట్టారో అనేది కాదు. విషం అనే మాటను పొద్దుగూకాక ఇంట్లో పలకనిచ్చేది కాదు. ‘పెట్టిన్రు’ అంటే చాలు, వినేవాళ్లకు అర్థమయ్యేది. ‘గిఫ్ట్’ అంటే ఇదే! నా నోటుబుక్కులో ‘ఎందుకు?’ అని రాసుకున్నచోట ఆ రాత్రి ‘ఏదో పెట్టిన్రు’ అని రాసుకున్నాను. జర్మన్ పల్లెల్లోనూ ఇలా గొంతు తగ్గించే అమ్మమ్మలు ఉండే ఉంటారు.

ఇంకొకటి తెలిసి మరీ సంతోషపడ్డాను. గ్రీకు డోసిస్‌కూ మన దానానికీ వేరు ఒకటే. సంస్కృతంలో ‘దా’, గ్రీకులో ‘డో’. డోసు, దానం అక్కాచెల్లెళ్లు. నేను నర్సుగా వెయ్యిసార్లు పలికిన మాటలో దానం ఉందని నాకు జర్మనీ వచ్చాకే తెలిసింది.

మా వార్డుకు వచ్చే ఫిజియోథెరపిస్టు స్వీడన్ అమ్మాయి. ఒకరోజు కాఫీ గదిలో ఈ మాట గురించి నేను ఆపకుండా చెప్తుంటే విని, “మా భాషలో నేనే గిఫ్ట్” అంది. స్వీడిష్‌లో ‘గిఫ్ట్’ అంటే పెళ్లయినవాళ్లు. వాళ్లు దాన్ని ‘యిఫ్ట్’ అని పలుకుతారు. ‘యాగ్ ఏర్ యిఫ్ట్’ అంటే నాకు పెళ్లయింది అని. అదే స్పెల్లింగు, అదే పలుకుతో ‘యిఫ్ట్’ అంటే విషం కూడా. డానిష్‌లోనూ, నార్వేజియన్‌లోనూ ఆ మాటకు ఈ రెండు అర్థాలూ ఉన్నాయి. దీని మీద అక్కడ మొగుడూ పెళ్లాల పరాచికాలు చాలా ఉన్నాయట. ఆ అమ్మాయి రెండు చెప్పింది కూడా. నాకు మాత్రం ఆ మాటలో పరాచికం కంటే పెద్దదేదో కనిపించింది. పెళ్లి అంటే ‘ఇవ్వడం’ ఎందుకయింది? ఎవరు ఎవరికి ఇచ్చారు? మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పిల్లనిచ్చారు అంటాం. కన్యాదానం అంటాం. స్వీడన్ వాళ్ల మాటలోనూ ఉన్నది ఆ ఇవ్వడమే. పాత ఇంగ్లీషులోనూ ఈ మాటకు అర్థం పెళ్లికూతురి కోసం కట్టే సొమ్మే, దాని బహువచనానికి అర్థం పెళ్లి. ఈనాటి ఇంగ్లీషువాళ్లు బహుమతి అంటున్న గిఫ్ట్, ఉత్తర యూరప్ నుంచి ఓడల్లో దిగిన నార్స్ వాళ్ల పలుకు నుంచి వచ్చింది.

మా డాక్టర్లలో ఒకాయన నెదర్లాండ్స్ మనిషి. ఆయన్నీ అడిగాను. వాళ్లకు ‘ఖిఫ్’ అంటే విషం, చివర ట్ చేరితే ‘ఖిఫ్ట్’ అంటే కానుక, విరాళం. ఒక్క అక్షరం తేడా! ఫ్రెంచివాళ్ల ‘పువాజోఁ’ కూడా విషమే. అది లాటిన్‌లో ‘తాగేది’ అన్న మాట నుంచి వచ్చింది. మావోడు మందు తాగిండు, మళ్లీ అదే. లాటిన్‌లో విషానికి ఉన్న ‘వెనేనుమ్’ అసలు ప్రేమ కోసం పెట్టే మందట, వీనస్ దేవత పేరుతో చుట్టరికం ఉన్న మాట. అమ్మమ్మ వింటే ఏమీ ఆశ్చర్యపోయేది కాదు.

జర్మన్‌లో గిఫ్ట్ పాత అర్థం పూర్తిగా పోలేదు. ఒకచోట మిగిలింది. అది నాకు ఎనభై నాలుగేళ్ల ఒక పేషెంటు వల్ల తెలిసింది. తుంటి విరిగి, తర్వాత న్యుమోనియాతో మా దగ్గర ఐదు వారాలుంది. సాయంత్రాలు కాళ్లకు నూనె రాస్తుంటే కబుర్లు చెప్పేది. ఒకసారి తన నాయనమ్మ పెళ్లికి ఇచ్చిన నార దుప్పట్లు, వెండి చెంచాల గురించి చెప్తూ ‘మిట్‌గిఫ్ట్’ అంది. నేను ఉలిక్కిపడ్డాను. వెంట విషం? ఆవిడ నా ముఖం చూసి నిదానంగా విడదీసి చెప్పింది. ‘మిట్’ అంటే తోడు, వెంట. వెంట ఇచ్చినది. అంటే కట్నం. విషానికి వాడే గిఫ్ట్ నపుంసకలింగం, మిట్‌గిఫ్ట్ స్త్రీలింగం. ఆ పాత ‘ఇవ్వడం’ అందులో అలాగే ఉండిపోయింది.

“మీ దగ్గర ఇది ఇంకా ఉందా?” అని అడిగింది. 1961లోనే చట్టం చేసి నిషేధించారని చెప్పాను. “ఉందా?” అని మళ్లీ అడిగింది. ఉందని చెప్పాను. మా అక్క పెళ్లికి నాన్న ఎకరంన్నర అమ్మాడని, ఆ అప్పు సగం తీరాకే నన్ను నర్సింగ్‌లో చేర్చాడని, ఇప్పుడు నా జీతంలో కొంత ఆ మిగతా సగానికే పోతోందని చెప్పాను. జర్మన్‌లో అంత పొడుగు మాట అంతకుముందు ఎప్పుడూ మాట్లాడలేదు. కేసుకు సంబంధం లేని మాటలు అవి. ఒక్క తప్పు కూడా దొర్లలేదని ఆవిడ తర్వాత అంది. మాట్లాడే పరీక్షలో నేను మొదటిసారి ఎందుకు తప్పానో నాకు అప్పుడు అర్థమైంది: అక్కడ నాకు చెప్పాల్సిందేమీ లేకపోయింది.

ఆ ఏడు అక్టోబరులో నన్ను ఎమర్జెన్సీకి మార్చారు. అక్టోబరు అంటే అక్కడ అడవుల్లో పుట్టగొడుగుల కాలం. చీకటితోనే లేచి బుట్టలు పట్టుకుని అడవికి పోతారు, తరతరాల అలవాటు. ఒక రాత్రి అరవై దాటిన ఒకాయన్ను తెచ్చారు. వాంతులు, విరేచనాలు ఆగడంలేదు. మధ్యాహ్నం తిన్నారు, రాత్రికి గానీ మొదలు కాలేదు. మా డాక్టరమ్మ ముఖం మారిపోయింది. తిన్న గంటా రెండు గంటల్లో వాంతులైతే చాలావరకు కడుపుతోనే పోతుంది. ఎక్కువ గంటలు ఆగి మొదలైతే భయపడాలి. క్నోలెన్‌బ్లెటర్‌పిల్త్స్ అనే విషపు పుట్టగొడుగు లక్షణం అది. తిన్న ఒకటి రెండు రోజులకు కాస్త తేరుకున్నట్టు కనిపిస్తుంది, ఆ లోపల కాలేయం పాడవుతుంటుంది.

“గిఫ్ట్‌నోట్‌రూఫ్‌కి కలుపు” అంది డాక్టరమ్మ. విషం కేసుల్లో సలహా ఇవ్వడానికి బెర్లిన్‌లో షారిటే ఆసుపత్రి నడిపే ఫోను కేంద్రం అది, పగలూ రాత్రీ పలుకుతుంది. కలిపాను. అవతలి వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో చెప్పక్కర్లేదు. ఏ పుట్టగొడుగు? మిగిలిందేమైనా తెచ్చారా? వరంగల్‌లో నేను అడిగిన ప్రశ్నే, డబ్బా తెచ్చిన్రా అని. అదృష్టం, వాళ్ల వంటింటి చెత్తబుట్టలో తరిగేసిన కాడలున్నాయి. కొడుకు వెళ్లి ఒక కాగితం సంచీలో తెచ్చాడు. బొగ్గుపొడి, సెలైన్లు, సిలిబినిన్ మొదలుపెట్టాం. సిలిబినిన్ ఒక ముళ్లమొక్క గింజల నుంచి తీసిన మందు, ఆ విషం కాలేయంలోకి చొరబడకుండా అడ్డుపడుతుంది.

ఆయన భార్య బయట కుర్చీలో కూర్చుని ఉంది. ఆవిడకు పుట్టగొడుగులు పడవట, తినలేదు. నేను నీళ్లు తీసుకెళ్లి ఇచ్చాను. నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట అంటోంది: “ఇఖ్ హాబ్స్ ఈమ్ దోఖ్ గెగేబెన్.” నేనే కదా ఆయనకు ఇచ్చింది. గెగేబెన్. నా తలలో అది తెలుగై వినిపించింది: నేనే కదమ్మా వండి పెట్టింది.

పెట్టింది. అన్నం పెట్టడానికీ అదే మాట, అమ్మమ్మ గొంతు తగ్గించి అన్నదీ అదే మాట. ఆవిడ పక్కనే కాసేపు కూర్చున్నాను. ఏం చెప్పాలో జర్మన్‌లో తెలియలేదు, తెలుగులోనూ తెలియలేదు. వరంగల్‌లో ఇలాంటి తల్లుల పక్కన కూర్చునే తీరిక నాకు ఎప్పుడూ దొరకలేదు, ఒక కేసు వెనక ఇంకో కేసు. ఆ రాత్రి ఇద్దరం కలిసి వాళ్లందరి పక్కనా కూర్చున్నట్టు అనిపించింది. తెల్లవారుజామున ఆయన్ను బెర్లిన్‌కు తరలించారు. బతికాడు. మూడు వారాల తర్వాత ఇద్దరూ వచ్చి మా అందరికీ ఒక కేకు ఇచ్చి వెళ్లారు.

మరుసటి వసంతంలో నా పరీక్ష. మౌఖికం ఒకటి, పేషెంటు దగ్గర చేసి చూపించేది ఒకటి. మందులిచ్చేటప్పుడు పాటించే ఆరు ‘ఆర్’ల నియమం అడిగారు: సరైన మనిషి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ, సరిగ్గా రాసిపెట్టడం. చెప్పాను. గుండె వేగం పడిపోయిన పేషెంటుకు అట్రోపిన్ ఇచ్చే ఉదాహరణ వచ్చింది. అట్రోపిన్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా అని పరీక్షకురాలు అడిగింది. టోల్‌కిర్షె అన్నాను, మీ అడవుల్లో నల్లటి పళ్లు కాసే విషపు చెట్టు. ఆ విషంతోనే మా ఊళ్లో పురుగు మందు తాగినవాళ్లను బతికించేవాళ్లం అన్నాను. ఎంత మోతాదులో అని అడిగింది. అప్పుడు నేను చెప్పింది వాళ్ల పుస్తకాల్లో నుంచి కాదు, నా మూడేళ్ల నైట్ డ్యూటీల్లో నుంచి. ఆవిడ పెన్ను కింద పెట్టి విన్నది. ‘డెఫిత్సిట్’ అని ఉత్తరం పంపిన దేశంలో నా చదువు లోటు కాదని నాకు నిజంగా అనిపించింది ఆ పది నిమిషాల్లోనే. వేసవిలో ‘ఫ్లేగెఫాఖ్‌ఫ్రౌ’, అంటే గుర్తింపు పొందిన నర్సు, అని రాసి ఉన్న పత్రం చేతికొచ్చింది.

ఇప్పుడు ఆదివారాలు మధ్యాహ్నం, మన దగ్గర సాయంత్రం, బీ1, బీ2 చదువుతున్న కొంతమంది పిల్లలతో వీడియోలో మాట్లాడుతున్నాను. జనగామ, మహబూబాబాద్, నల్లగొండ వైపు వాళ్లు. డబ్బులేమీ లేవు, పాఠాలూ కావు, వాళ్లు అడిగింది చెప్తాను. పోయిన ఆదివారం ఒక అమ్మాయి వార్డు సంభాషణ రాసుకుంటూ మధ్యలో ఆగింది.

“అక్కా, ‘పేషెంటు మందు తీసుకున్నడు’ అని రాయాలంటే జర్మన్‌ల మందుకు ఏం మాట వాడాలె?”

“ఏ మందు?” అని అడిగాను.